ఆలస్యంగా వచ్చిన రేణువులు

బార్బర్టన్, ఒహాయో
12 ఫిబ్రవరి 1984

జీనా,

డబ్బా చూడగానే వాల్‌నట్ రొట్టెలు అనుకుని సంబరపడకు. రొట్టెలు పైన ఒక్క వరసే, అదీ మీ వదిన పట్టుబట్టి పెట్టింది. వాటి కింద పాత తువ్వాలులో చుట్టి రెండు సీసాలున్నాయి. అవి పగలకుండా చేరితే చాలు, రొట్టెలు ముక్కలైనా ఫరవాలేదు.

ఫోను చేయొచ్చు కదా అంటావు. చేస్తే నువ్వు అరుస్తావు, నేను "ఆఁ? ఏంటీ?" అంటాను, మధ్యలో మీ వదిన రిసీవరు లాక్కుని ఇద్దరికీ దుబాసీ అవుతుంది. ఈ సంగతి ఆమె చెవిన పడకూడదు. నేను సెలవులో ఉన్నానని అనుకుంటోంది.

జనవరి 24న, మంగళవారం, మా మూడో నంబరు డేగిసా పొంగింది. చిన్నప్పుడు నాన్న నిన్ను ఫ్యాక్టరీ గేటు దాకా తీసుకొచ్చినప్పుడు చూశావే, ఆ రెండంతస్తుల ఇనప డేగిసాలే ఇప్పటికీ. పని కూడా అదే. పెరుక్కి తోడు వేసినట్టు ముందు తోడు పాలు పోస్తాం. అందులోని సన్న రేణువులు మేము పోసే నూనె తాగి లావెక్కుతాయి, రబ్బరు పాలవుతాయి. తొమ్మిదింటికి నూనె మొదలు. పదకొండింటికి సబ్బు నీళ్లు. కంపెనీ ఇచ్చిన కాగితంలో ఎలా రాసుందో అలాగే వదిలాను. పదకొండూ ఇరవైకి వేడి ముల్లు పైకి పాకింది, చన్నీళ్లు తిప్పినా ఆగలేదు. మూత పక్కన రేకు పగిలి మరుగుతున్న పాలు చిమ్మాయి. నేను కింద ఉన్నాను. పైమెట్టు మీద లియో వార్గో ఉన్నాడు. రెండు చేతులూ కాలాయి, మొహం కాలింది. కళ్ల సంగతి డాక్టర్లు ఇంకా ఏమీ చెప్పడం లేదు. ఆ రోజు పొద్దున్నించి ఏం జరిగిందో వాడికి ఒక్క ముక్క గుర్తు లేదు.

సబ్బు ముందే వదిలేశానని కంపెనీ అంటోంది. విచారణ మార్చి 29న. అందాకా ఇంట్లో కూర్చోమన్నారు. ఇరవై ఏడేళ్ల ఉద్యోగం సంగతి పక్కన పెట్టు. లియో కళ్లు నేను పోగొట్టానా లేదా, అది నాకు తేలాలి. నేను పోగొట్టలేదు జీనా. తోడే చెడ్డది.

తోడు పోసేముందు ఒక సీసా పక్కన పెట్టుకోవడం మా వాళ్ల పాత అలవాటు, లాబు దొరలతో పోట్లాడటానికి. 'అ' అని రాసింది ఆ సీసా. 'ఆ' అని రాసింది మర్నాడు డేగిసా అడుగు కుళాయి నుంచి నేను పట్టింది. మీ కాలేజీ లాబు గొట్టంలో నడిపి చూడు.

మాట వినపడకపోయినా అక్షరం కనపడే,
సిరిల్


బెత్లెహెమ్, పెన్సిల్వేనియా
20 ఫిబ్రవరి 1984

అన్నయ్యా,

సీసాలు క్షేమం. రొట్టెలు సబ్బు వాసన వేశాయి, అయినా వదల్లేదు. వదినతో చాలా బాగున్నాయని చెప్పు, అబద్ధమేం కాదు.

లియో సంగతి చదివాను. నాకు సైకిలు తొక్కడం నేర్పింది నువ్వు కాదు, ఆయన. నువ్వు వెనకనుంచి నవ్వుతూ నిలబడ్డావు.

మా ప్రొఫెసరుతో దాచకుండా చెప్పాను, ఇవి మా అన్నయ్యవని. ఆయన కళ్లజోడు తీసి, "ఆ మాట నాకు చెప్పకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు. అయినా శనివారానికి తాళాలు చేతిలో పెట్టాడు. గొట్టం అంటే నువ్వు ఊహించుకునే గొట్టం కాదు. వెంట్రుక దూరే సందు ఉంటుంది, ఉండలా చుట్టి ఉంటుంది, విప్పితే వీధి చివరిదాకా పోతుంది. అందులో నీళ్లు తోస్తూ నీ పాలు ఒక్క చుక్క వదులుతాం. రేణువులు సైజు ప్రకారం విడిపోయి అవతలి కొసన వరసగా బయటికొస్తాయి. కలం కాగితం మీద గీత గీస్తుంది. నా పనంతా కలం ఆగకుండా, గొట్టం పూడకుండా కాపలా కాయడమే.

ఒక్క మాట ముందే చెబుతున్నాను. ఏం వస్తే అదే రాస్తాను. గొట్టానికి అన్నలూ చెల్లెళ్లూ తెలియరు. ఈ షరతు నచ్చకపోతే ఇప్పుడే రాయి, సీసాలు వెనక్కి పంపిస్తాను.

సీసాలు చలికి గడ్డకట్టలేదు కదా? కడితే అంతా వృథా.

నీ మొండి,
జీనా


బార్బర్టన్
25 ఫిబ్రవరి 1984

జీనా,

గడ్డకట్టలేదు. టోత్ వాళ్ల యూనియన్ హాల్లో బాయిలరు పక్కన పెట్టించాను. టోత్ మాకు యూనియన్ పెద్ద, మంచివాడు, కాకపోతే నోరు ఆగదు.

షరతు నచ్చింది. నడుపు.

సిరిల్


బెత్లెహెమ్
4 మార్చి 1984

అన్నయ్యా,

రెండు చార్టులూ జతచేశాను. నాకు జ్వరం, నిన్న గొట్టం కూడా ఒకసారి పూడింది, అందుకని ఎక్కువ రాయలేను. 'అ' మీద ఒక్కటే మిట్ట. 'ఆ' మీద రెండు, ముందు పెద్ద మిట్ట, కాస్త తర్వాత చిన్న మిట్ట. ఇన్నేళ్లు ఆ పాలతో కాపురం చేసినవాడివి, చూడగానే నీకే అర్థమవుతుంది. మళ్లీ ఒకసారి నడిపి వివరంగా రాస్తాను. అందాకా ఎవరికీ చూపించకు.

దుప్పటి కింద నుంచి,
జీనా


బార్బర్టన్
10 మార్చి 1984

నా బంగారు జీనా,

అర్థమైంది! చూడగానే అర్థమైంది! మీ వదినకి కూడా చెప్పేశాను, విచారణతో సహా. ఇన్నాళ్లు దాచానని రెండు రోజులు మాట్లాడలేదు. ఇవాళ పొద్దున గుడ్లు వేయించి పెట్టింది కాబట్టి క్షమించినట్టే.

నేను ఇరవై ఏడేళ్లుగా జల్లెడలు పట్టినవాణ్ని. చిన్నవి ముందు దిగుతాయి, లావువి వెనక మిగులుతాయి. మొదటి మిట్ట మామూలు రేణువులు. వెనక వచ్చిన ఆ చిన్న మిట్ట గడ్డలు! తోడు డ్రమ్ము అడుగున మురికి గడ్డలున్నాయన్నమాట. మరి 'అ' సీసాలో ఎందుకు లేవంటావా? సీసా డ్రమ్ము పైనుంచి ముంచాం, గడ్డలేమో అడుగున. నేను మొదటినుంచీ అంటున్నది ఇదే కదా.

చూపించకు అన్నావు. టోత్‌కి చూపించకుండా ఎలా? వాడు నాలుగు కాపీలు తీసుకున్నాడు. నిన్న శుక్రవారం చర్చి కింది హాల్లో చేపల విందులో లియో భార్య ఇర్మా కనపడింది. మూడు పళ్లాలు కట్టించుకుంటోంది. నా వైపు చూడకుండా పోతుంటే అడ్డం వెళ్లి, "ఇర్మా, లియోకి చెప్పు, నా తప్పు కాదని తేలింది. మా చెల్లెలి మెషీను తేల్చింది" అన్నాను. ఆమె పళ్లాలు కింద పెట్టింది. "నిజమేనా సిరిల్?" అంది. "నిజం" అన్నాను. చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

లియోకి ఒక కన్ను తీసేశారట. రెండో దాంతో వెలుగూ నీడా తెలుస్తాయట, అంతే. నీకు పుణ్యముంటుంది జీనా, ఇంక ఆ ఇంటి గడప తొక్కగలను.

ఈ పూట కడుపునిండా తిన్న,
మీ అన్నయ్య


బెత్లెహెమ్
16 మార్చి 1984

అన్నయ్యా,

కూర్చుని చదువు. తప్పు నాది. చూడగానే తెలుస్తుందని రాయడం నా పొగరు. నువ్వు చార్టుని తలకిందులుగా చదివావు.

ఈ గొట్టం జల్లెడ కాదు. ఇందులో పెద్దవే ముందు వస్తాయి. మా కాలేజీ వెనక కాలువ ఉంది. నడిమధ్య నీరు జోరుగా పోతుంది, గట్టు వార నీరు దాదాపు కదలదు. గొట్టంలోనూ అంతే. లావు రేణువు గోడ దాకా జరగలేదు, దాని ఒళ్లే అడ్డం. అందుకని ఎప్పుడూ మధ్య జోరులోనే ఉండి తొందరగా బయటపడుతుంది. చిన్న రేణువు గోడ వారకి పోయి అక్కడి నిదానంలో చిక్కుకుంటుంది, వెనకబడుతుంది. కాబట్టి తర్వాత వచ్చిన మిట్ట గడ్డలు కావు. చాలా సన్న రేణువులు. మూడుసార్లు నడిపాను, మూడుసార్లూ అదే గీత.

ఆ సన్నవి తోడులో లేవు, డేగిసాలో ఉన్నాయి. అంటే డేగిసాలోనే కొత్తగా పుట్టాయి. రెండో కాపు. ఎందుకు పుడతాయో నాకంటే నీకే బాగా తెలుసు. తోడు రేణువులు ఇంకా చిన్నగా ఉన్నప్పుడు సబ్బు ఎక్కువ పడితే అవి తాగగా మిగులుతుంది, ఆ మిగిలిన సబ్బులో కొత్త రేణువులు కోట్లలో పుట్టుకొస్తాయి. అన్నీ ఒక్కసారే నూనె మీద పడతాయి. వేడి అందుకే పొంగింది.

తోడు మంచిదే అన్నయ్యా. సబ్బే ముందు పడింది. నిన్ను నిందించడం లేదు, అడుగుతున్నాను. సబ్బు కుళాయి ఎవరు తిప్పారు? ఎప్పుడు?

టోత్ దగ్గర కాపీలు వెనక్కి తీసుకో. ఇర్మాకి ఏం చెబుతావో నాకు తోచడం లేదు.

జీనా


బార్బర్టన్
25 మార్చి 1984

జీనా,

నేనే తిప్పాను. ముందే తిప్పాను. ఇంకేం పరీక్షలొద్దు. సీసాలు పారబోయి.

సిరిల్


బెత్లెహెమ్
1 ఏప్రిల్ 1984

అన్నయ్యా,

ఇవాళ్టి తారీఖు చూసి పరిహాసమనుకుంటావేమో, కాదు.

"కాగితంలో ఎలా రాసుందో అలాగే వదిలాను" అని రాసింది నువ్వే కదా? ఆ ఉత్తరం నా ముందే ఉంది. నీ మాట పట్టుకుని నేను ప్రొఫెసరు దగ్గర పరువు తాకట్టు పెట్టాను. శనివారాలు నిద్ర మానుకుని గొట్టం ముందు కూర్చున్నాను. తప్పు చేశావని కోపం కాదు. తప్పు ఎవరైనా చేస్తారు. అబద్ధం చెప్పి, ఆ అబద్ధానికి నా చేత ముద్ర వేయించుకోవాలని చూశావు. ఏది కనపడితే అది రాస్తానన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే?

ఇర్మా చెయ్యి పట్టుకుని ఏడ్చిందని రాశావే, ఆ మాట చదివిన దగ్గర్నించి నాకు అన్నం సహించడం లేదు.

ఈస్టరుకి రాను. వదినకి ఏదో ఒకటి చెప్పు. కొత్త అబద్ధాలు నీకు కష్టం కాదుగా.

రెజీనా


బార్బర్టన్
8 ఏప్రిల్ 1984

జీనా,

ఉత్తరం కింద రెజీనా అని సంతకం పెట్టావు. అమ్మ కోపమొచ్చినప్పుడు పిలిచే పేరు అది. సరే.

విచారణ అయింది. సబ్బు ముందే తిప్పానని ఒప్పుకున్నాను. ఎందుకు తిప్పావని అడిగారు. తొందరపడ్డానన్నాను. పావుగంటలో ముగించారు. టోత్ బయటికొచ్చాక, "నోరు మూసుకుని ఉంటే నేను లాక్కొచ్చేవాణ్ని కదయ్యా! నువ్వే తాడు తెచ్చి మెడకేసుకుంటే నేనేం చేసేది?" అని టోపీ నేలకేసి కొట్టాడు. ఉద్యోగం పోయింది. మీ వదిన మంచం పరుపు తిరగేసి దులిపింది, వంటింటి అరలన్నీ కడిగింది, ఇంకా కడుగుతూనే ఉంది.

లియో ఇంటికొచ్చాడు. నేనే చేశానని విచారణకి ముందే వాళ్లకి చెప్పేశాను. శనివారం శనివారం వెళ్తున్నాను. గుమ్మం దాటనివ్వడు. లోపల్నుంచి తిడతాడు, నేను బయట మెట్టు మీద నిలబడతాను. ఇర్మా తలుపు పూర్తిగా వేయదు, అదొక్కటే మర్యాద. మొన్న బయటికొచ్చి, "నువ్వు రా సిరిల్. శనివారం వస్తావని శుక్రవారం గడ్డం గీయించుకుంటున్నాడు. మిగతా రోజులు గోడవైపు తిరిగి పడుకుంటాడు" అంది.

నవ్వుకోవడానికి ఒకటి చెబుతాను. తీసేసిన వారానికి కంపెనీ నుంచి కవరు వచ్చింది. ఏదో దయతలిచారనుకుని చించాను. ఏటా మాకు చేసే చెవి పరీక్ష ఫలితం! నర్సు బండిలో గాజు గదిలో కూర్చోబెట్టి, కూత వినపడితే బొత్తాం నొక్కమంటుందే, అది. జనవరి 24, పదిన్నర నుంచి పదీ యాభై. ఎడమ చెవి నూటికి అరవై పాళ్లు పోయిందట. ఉద్యోగం పీకి చెవి ఎంత మిగిలిందో లెక్క చెప్పారు.

నువ్వు రాకపోతే మానె, ఈస్టరు బుట్ట మాత్రం పోస్టులో వస్తుంది. బీట్‌రూట్ ముల్లంగి పచ్చడి మూత గట్టిగా బిగించమన్నాను.

సిరిల్


బెత్లెహెమ్
13 ఏప్రిల్ 1984

అన్నయ్యా! అన్నయ్యా!

నన్ను నాలుగు తిట్టు, తర్వాత ఇది చదువు.

చెవి పరీక్ష పదిన్నర నుంచి పదీ యాభై దాకానా? ఆ ముక్క చదవగానే లాబుకి పరుగెత్తాను. చార్టులో నేను చూడాల్సింది ఇంకొకటి ఉంది. రెండో కాపు రేణువులు ఎంత సైజో గీత చెబుతుంది. ఎంత లావెక్కాయో తెలిస్తే ఎంతసేపు ఎదిగాయో లెక్క కట్టొచ్చు. ఎదుగుదల ఎక్కడ ఆగిందో మనకి తెలుసు, పదకొండూ ఇరవై. అక్కణ్నుంచి వెనక్కి లెక్కేశాను. ప్రొఫెసరు విడిగా లెక్కేశాడు. అవి పుట్టింది పదీ నలభైకి, అటో ఇటో ఐదు నిమిషాలు. పదకొండింటికి కాదు. పదకొండింటికి సబ్బు పడినా కొత్తవి పుట్టవు, అప్పటికి తోడు రేణువులు లావెక్కి ఉంటాయి, పడిన సబ్బంతా తామే తాగేస్తాయి.

పదీ నలభైకి నువ్వు నర్సు బండిలో గాజు గదిలో కూర్చుని బొత్తాం నొక్కుతున్నావు! కుళాయి తిప్పింది నువ్వు కానే కాదు. నువ్వు చెప్పినట్టే పదకొండింటికి, కాగితం ప్రకారమే వదిలావు. మొదటి ఉత్తరం నిజం. అబద్ధం "నేనే" అన్నది. సబ్బే ముందు పడిందని నేను అన్నాక విసిగిపోయి ఒప్పేసుకున్నావా? దేవుడా, నా నోరు పడిపోను!

లెక్కంతా శుభ్రంగా టైపు చేసి, ప్రొఫెసరు సంతకంతో ఇవాళే టోత్ గారికి పంపాను. మళ్లీ విచారణ అడగమని రాశాను. నీకు చెప్పి పంపుదామంటే నువ్వు మళ్లీ ఏ పెద్దరికానికో పోయి వద్దంటావని భయం వేసింది. ఈస్టరుకి వస్తున్నాను. పచ్చడి పంపొద్దు, అక్కడే తింటాను.

సిగ్గుతో, సంతోషంతో,
నీ జీనా


బార్బర్టన్
17 ఏప్రిల్ 1984

జీనా,

ఎంత పని చేశావు.

నేను లేనప్పుడు డేగిసా దగ్గర ఎవరున్నారని ఒక్క క్షణం ఆలోచించావా? ఇద్దరమే ఉంటాం. ఒకడు చెవి పరీక్షకి పోతే రెండోవాడు ఉంటాడు.

నీ మార్చి ఉత్తరం చదివిన పూటే నాకు తెలిసింది. సబ్బు ముందే పడింది, నేను తిప్పలేదు. మరింకెవరు? ఎందుకో కూడా తెలుసు. ఆ వారం చలికి సబ్బు గొట్టం గడ్డకట్టేది. గడ్డకట్టకుండా కుళాయి కొంచెం వదిలి, జారుతుందని చూసుకుని, మళ్లీ కట్టేయడం మా అందరికీ అలవాటే. తోడు పోసిన కొత్తలో మాత్రం అలా చేయకూడదు. వాడు నాకు సాయం చేద్దామనే చేసి ఉంటాడు, పదకొండింటికి నేనొచ్చి తిప్పితే సాఫీగా పారాలని. నేనొచ్చేసరికి కట్టేసే ఉంది. చెప్పేంత పెద్ద విషయమని వాడికీ తోచలేదు.

నూనె పడుతున్నప్పుడు డేగిసా వదిలి కదలకూడదు. అది రూలు. "నువ్వు పోయిరా, నేను చూస్తాగా" అన్నాడు లియో, పోయాను. చిట్టాలో మాత్రం నేను అక్కడే ఉన్నట్టు సంతకం పెట్టాను, అందరం పెడతాం. కాబట్టి తప్పు నాది కాదని నువ్వనడం తప్పు. నేను కదలకపోతే వాడు కుళాయి ముట్టేవాడే కాదు.

కళ్లు లేనివాడి దగ్గరికి వెళ్లి, నీ కళ్లు నువ్వే పోగొట్టుకున్నావని ఎవరు చెబుతారు? నువ్వు చెబుతావా? నన్ను తిట్టడానికైనా వాడు మంచం దిగుతున్నాడు. అదొక్కటే వాడికి నేనివ్వగలిగింది. దాన్ని కూడా నువ్వు లాక్కున్నావు, ప్రొఫెసరు సంతకం పెట్టించి మరీ.

టోత్ ఇంటికి పోతున్నాను. కవరు ఇంకా విప్పకపోతే బాగుండు.

ఈస్టరుకి రావొద్దు.

సిరిల్


బెత్లెహెమ్
26 ఏప్రిల్ 1984

అన్నయ్యా,

నువ్వు ఉత్తరం రాసి తొమ్మిది రోజులయింది. ఫోను చేస్తే వదిన ఎత్తి, నా గొంతు విని, ఏడుస్తూ పెట్టేసింది. కవరు విప్పారా? లియోకి తెలిసిందా? బతికే ఉన్నారా మీరందరూ?

పండగ రోజు చర్చికి కూడా పోలేదు. గదిలోనే కూర్చున్నాను. నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను.

లెక్క తప్పని నేను అనలేను. అది తప్పు కాదు. అడగకుండా పంపడం తప్పు. నిన్ను అబద్ధాలకోరు అన్నది అంతకంటే పెద్ద తప్పు. కానీ ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. లియో నిన్ను తిడుతూ బతకడం లియోకి మంచిదని నువ్వే నిర్ణయించావు. నీ పేరు బాగుపడటం నీకు మంచిదని నేను నిర్ణయించాను. ఇద్దరిలో ఎవరం అవతలివాణ్ని అడిగాం?

అమ్మ ఉంటే ఇద్దరికీ చెరో చెంపా వాయించేది.

ఒక్క ముక్క రాయి, చాలు.
జీనా


బార్బర్టన్
6 మే 1984

జీనా,

నేను వెళ్లేసరికే టోత్ కవరు విప్పాడు. నోరు ఆగనివాడని చెప్పాను కదా. ఆ సాయంత్రమే లియో ఇంటికెళ్లి మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాడు. వాడి ఉద్దేశం మంచిదే. అందరి ఉద్దేశమూ మంచిదే ఈ వ్యవహారంలో, అదే తలనొప్పి.

రెండు శనివారాలు వెళ్లాను. లోపల్నుంచి తిట్లు లేవు. అంతకంటే ఘోరం లేదు జీనా. ఇర్మా తలుపు సందులోంచి తల అడ్డంగా ఊపింది. లియో ఎవరితోనూ మాట్లాడటం లేదంది, తిండి కూడా మానేశాడంది. నాకు ఏవేవో భయాలు వేశాయి. అందుకే నీకు రాయలేదు. రాస్తే ఏం రాసేవాణ్నో నాకే తెలియదు.

నిన్న శనివారం నేను బయల్దేరుతుంటే ఇర్మా కారు మా ఇంటి ముందే ఆగింది. లియో దిగాడు. ఒక చెయ్యి ఆమె భుజం మీద, ఇంకో చెయ్యి గాల్లో. వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒరేయ్ సిరిల్, ఎక్కడ చచ్చావు? మాట్లాడు, మొహం నీ వైపు తిప్పుకుంటా."

"ఇక్కడే ఉన్నా" అన్నాను.

"మెట్టు మీద నిలబడి ఎన్ని తిట్లు తిన్నావురా?"

"సగమే. మిగతావి వినపడలేదు."

"మంచివన్నీ ఆ మిగతా సగంలోనే ఉన్నాయి. మళ్లీ తిడతా, దగ్గరికి రా" అన్నాడు. నేను నవ్వబోయాను. వాడు నవ్వడం లేదు. "ఇరవై రెండేళ్లు పక్కపక్కన నిలబడ్డాం. నువ్వు చేశావంటే నమ్మేశానురా. ఒక్క పూట కూడా అనుమానం రాలేదు. ఇంటికొచ్చిన నిన్ను కుక్కని తోలినట్టు తోలాను. నాతో అంత పాపం చేయిస్తావా? కళ్లే పోయాయనుకున్నావా, బుర్ర కూడా పోయిందనుకున్నావా? నన్ను చంటివెధవని చేశావు కదరా!"

నేను డేగిసా వదిలి పోకపోతే అని ఏదో మొదలుపెట్టాను. "పొమ్మన్నది నేనే కదా! టోత్‌కి ఆ ముక్క తెలీదు గానీ నాకు తెలుసు. గుర్తు లేకపోయినా తెలుసు, నేను అలాగే అంటాను కాబట్టి" అన్నాడు. తర్వాత, "సోమవారం కంపెనీకి పోయి చెప్పు. నా పేరే రాయనీ. నువ్వు పోకపోతే ఇర్మా చేత నేనే నడిపించుకుని పోతా" అన్నాడు. సరేనన్నాను. వాళ్లు నన్ను మళ్లీ పనిలోకి తీసుకుంటారో లేదో తెలియదు. చిట్టాలో పెట్టిన దొంగ సంతకానికి ఎలాగూ శిక్ష ఉంటుంది.

అప్పుడు అడిగాడు, ఆ కాగితం ఉందా అని. నువ్వు పంపిన 'ఆ' చార్టు తెచ్చాను. తెచ్చాక ఏం చేయాలో తెలియలేదు. మీ వదిన నా చేతిలోంచి తీసుకుంది. కింద తువ్వాలు పరిచి, బట్టలు కుట్టేటప్పుడు గుర్తులు వేసే పళ్లచక్రంతో కలం గీత వెంట మొదలు నుంచి చివరిదాకా గట్టిగా నొక్కింది. కాగితం తిరగేసి బల్ల మీద పెట్టింది. గీత ఉబ్బి చేతికి తగులుతోంది. తిరగేశాం కాబట్టి మొదలు కుడివైపుకి వచ్చింది. నేను వాడి వేలు పట్టుకుని అక్కడ పెట్టాను. కాలిన చర్మం జీనా, పట్టుకోవడానికి చెయ్యి రాలేదు. వాడే నొక్కి పట్టించుకున్నాడు.

వేలు మెల్లగా జరిగింది. పైకెక్కింది. "ఇదేంటి, ఇంత ఎత్తుంది?" అన్నాడు.

"మనం తోడు వేసినవి. పెద్దవి. గొట్టంలోంచి ముందు ఇవే వస్తాయట."

"మంచి పనే చేశాం అయితే" అన్నాడు. వేలు దిగింది. చదునుగా పోయింది. ఇర్మా గోడవైపు తిరిగి నిలబడింది. చివరికి దగ్గరగా, బియ్యపుగింజంత ఉబ్బు దగ్గర వేలు ఆగింది.

"ఇదేనా నాది?"

అవునన్నాను.

వేలు దాని మీద ముందుకీ వెనక్కీ చాలాసేపు తిప్పాడు. "ఇంత చిన్నదా!" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. తర్వాత కూర్చున్నాడు.

మీ వదిన కాఫీ పోసింది. తాగాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుపోయాడు, నేను అడ్డు చెప్పలేదు. నీ లాబు లెక్కలకి అది కావాలంటే ఇంకొకటి నడుపుకో.

నువ్వు చేసింది మంచో చెడో నాకు ఇంకా తేలలేదు. కోపం ఉంది. కానీ వేసవి సెలవులకి రా. వచ్చాక ముందు వాళ్లింటికి వెళ్లి, లియో ఎదురుగా నిలబడి, గొట్టం సంగతి నీ నోటితో నువ్వే చెప్పు. ఆయనకి ఇంకా అడగాల్సినవి ఉన్నాయట, నాకు జవాబులు తెలియవు.

మీ అన్నయ్య,
సిరిల్